మన ఫోటో గూగుల్‌లో కనిపిస్తుంటే ముందు ఏ తలుపు తట్టాలి?

రెండేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నరకి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. “అక్కా, నా పేరు, మా ఊరి పేరు కలిపి గూగుల్‌లో కొట్టి చూడు” అంది. కొట్టాను. మొదటి వరసలోనే తన నిశ్చితార్థం ఫోటోలు. చిలకాకుపచ్చ పట్టుచీర, పక్కన అబ్బాయి, వెనక బంతిపూల డెకరేషన్, దాని మీద ఇద్దరి పేర్లూ రాసిన బోర్డు. ఆ సంబంధం తప్పిపోయి అప్పటికే ఏడాది దాటింది. కొత్తగా చూస్తున్న సంబంధం వాళ్లు ఆ రోజు మధ్యాహ్నం మా బాబాయికి ఫోన్ చేసి, “అమ్మాయికి ఇదివరకే పెళ్లయిందా, మాకెందుకు చెప్పలేదు?” అని అడిగారట.

అవి అసభ్యమైన ఫోటోలు కావు. ఎవరూ కక్షగట్టి పెట్టినవీ కావు. అయినా ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

ఆ పని పూర్తయ్యాక, ఒకరి ద్వారా ఒకరు తెలిసినవాళ్లు ఇలాంటి వాటికే నా దగ్గరికి రావడం మొదలైంది. కొన్ని ఇంతకంటే ఎంతో ఘోరమైనవి. దారులు లేక నష్టపోయినవాళ్లు తక్కువ, మొదటి రోజే తప్పు తలుపు తట్టి నష్టపోయినవాళ్లే ఎక్కువ. వెంటనే పోలీస్ స్టేషన్‌కి వెళ్లాల్సినవాళ్లు గూగుల్‌కి మెయిల్ రాసి వారాలపాటు ఎదురుచూస్తారు. ఒక్క ఫోన్ కాల్‌తో పోయేదానికి ఇంకొకరు లాయర్‌కి అడ్వాన్స్ కడతారు. అందుకే ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి సరిపోతుందో రాస్తున్నాను.

గూగుల్‌లోంచి పోవడం వేరు, నెట్‌లోంచి పోవడం వేరు

ఫోటో అసలు ఉండేది ఏదో ఒక వెబ్‌సైట్‌లో, లేదా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి చోట. గూగుల్ దానికి దారి చూపిస్తుంది, చిన్న నకలు ఒకటి తన దగ్గర పెట్టుకుంటుంది, అంతే. గూగుల్ తీసేసినా ఆ సైట్‌లో ఫోటో అలాగే ఉంటుంది. లింకు తెలిసినవాళ్లు తెరవగలరు, వాట్సాప్‌లో పంపగలరు. అదే సైట్ వాళ్లు తీసేస్తే గూగుల్‌లోంచి కూడా కొన్నాళ్లకి తనంతట తనే పోతుంది.

అందుకని మామూలు సందర్భాల్లో మూలం దగ్గర తీయించడమే ముందు. పెట్టినవాడు ఎవరో తెలియనప్పుడు, విదేశీ సైట్ అయినప్పుడు, వాడే కక్షతో పెట్టినప్పుడు మాత్రం గూగుల్ నుంచి మొదలుపెట్టడం మేలు. మన పేరు కొట్టి చూసేవాళ్లలో ఎక్కువమంది గూగుల్ దగ్గరే ఆగిపోతారు కాబట్టి అది కూడా తక్కువ ఊరట కాదు. బింగ్‌ని మర్చిపోకండి. దానికి వేరే ఫారం ఉంది. యాహూ, డక్‌డక్‌గో చాలావరకు బింగ్ ఫలితాలనే చూపిస్తాయి కనుక అక్కడ తీయిస్తే వాటిలోనూ పోతుంది.

ఏ దారి అన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఫోటోలో ఏముంది? దాన్ని పెట్టింది ఎవరు? ఈ రెండూ తేల్చుకోకుండా ఏ ఫారమూ నింపొద్దు.

తీయించే ముందు సాక్ష్యం

కంగారులో అందరూ చేసే పొరపాటు ఇదే. ఫోటో కనిపించగానే రిపోర్ట్ కొడతారు, అది పోతుంది. తర్వాత పోలీసులు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. పేజీ అడ్రస్, తేదీ, పెట్టిన అకౌంట్ పేరు అన్నీ కనబడాలి. పేజీ లింకు వేరు, ఫోటో లింకు వేరు. రెండూ కాపీ చేసి ఒక చోట రాసిపెట్టుకోండి. బెదిరింపు మెసేజ్‌లు వస్తే వాటిని డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ మార్చొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

ఒక్క మినహాయింపు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల అసభ్య చిత్రమైతే స్క్రీన్‌షాట్ తీయొద్దు, డౌన్‌లోడ్ చేయొద్దు, “ఇది చూడండి” అని ఎవరికీ పంపొద్దు. అది దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. లింకు మాత్రం రాసుకుని పోలీసులకు ఇవ్వండి.

నగ్న చిత్రాలు, మార్ఫింగ్, డీప్‌ఫేక్

ఇది అన్నిటికంటే భయపెట్టే రకం. కానీ చట్టం అన్నిటికంటే గట్టిగా మన పక్కన ఉన్నదీ ఇక్కడే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

2021 ఐటీ నియమాల ప్రకారం, ఒకరి శరీరంలోని గుప్త భాగాలు, నగ్నత్వం, లైంగిక చర్య కనిపించేవి గానీ, మార్ఫింగ్ చేసినవి గానీ ఉన్నాయని ఫిర్యాదు అందితే, ఆ వేదిక రెండు గంటలు దాటకుండా వాటిని తీసేయాలి (2026 ఫిబ్రవరికి ముందు ఈ గడువు 24 గంటలు). ఫిర్యాదు బాధితురాలే చేయాలని లేదు, ఆమె తరఫున అన్న గానీ స్నేహితురాలు గానీ చేయవచ్చు. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు, ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. ప్రతి పెద్ద సోషల్ మీడియా కంపెనీకీ ఇండియాలో ఫిర్యాదులు చూసే అధికారి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, ఆ పేరు, మెయిల్ వాళ్ల సైట్‌లోనే ఉంటాయి. యాప్‌లో ‘రిపోర్ట్’ నొక్కి ఊరుకుంటే దానికి మెషీన్ జవాబు రావచ్చు. రిపోర్ట్ కూడా నొక్కండి, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ కూడా పెట్టండి. మెయిల్‌లో ‘రూల్ 3(2)(బి) కింద ఫిర్యాదు’ అని రాసి, లింకులు ఇచ్చి, “ఈ చిత్రంలో ఉన్నది నేను, నా అనుమతి లేదు” అని రెండు ముక్కల్లో చెప్పండి. కథంతా రాయక్కర్లేదు. వాళ్లు తిరస్కరిస్తే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. 2023 నుంచి అది పనిచేస్తోంది.

గూగుల్ సొంత ఫారం రెండో దారి. అనుమతి లేకుండా పెట్టిన అసభ్య చిత్రాలను వెతుకులాట ఫలితాల నుంచి తీసేస్తామని గూగుల్ 2015లోనే ప్రకటించింది. తర్వాత నకిలీ చిత్రాలను కూడా అందులో కలిపింది. ఒక ఫిర్యాదు ఒప్పుకున్నాక అదే చిత్రం నకళ్లు వేరే పేజీల్లో ఉంటే వాటినీ పట్టుకుని తీసేసే పద్ధతి 2024లో తెచ్చింది. ఫారంలో నకళ్లు కూడా తీయమని అడిగే చోటు ఉంటే టిక్ పెట్టండి. దీనికి ఫీజు లేదు.

మూడోది చాలామందికి తెలియనిది, ‘స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్’. ఫోటో ఇంకా బయటికి రాకముందే, “పెట్టేస్తాను” అని ఎవరైనా బెదిరిస్తున్నప్పుడే వాడదగ్గది ఇది. మన ఫోన్‌లోని ఆ చిత్రం నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఫోటో మన ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, ఆ కోడ్ మాత్రమే వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, రెడ్డిట్ లాంటి వేదికలు ఆ కోడ్‌తో పోల్చి, అదే చిత్రం వాళ్ల దగ్గర కనబడితే ఆపుతాయి. 2021 డిసెంబరులో మొదలైంది, బ్రిటన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతోంది, ఏ దేశంవాళ్లైనా వాడుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి మాత్రమే. చిన్నవాళ్లకి అమెరికా సంస్థ నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ ఇలాగే పనిచేస్తుంది. దీని పరిమితి కూడా చెప్పాలి. ఇందులో చేరని సైట్‌లో గానీ, ప్రైవేట్ గ్రూపుల్లో గానీ ఇది ఆపలేదు. ఫోటోను కత్తిరించో మార్చో పెడితే కోడ్ కలవకపోవచ్చు.

నాలుగోది పోలీసులు. పెట్టినవాడు తెలిసినవాడైతే, డబ్బు అడుగుతుంటే, బెదిరిస్తుంటే ఇది నాలుగోది కాదు, మొదటిది. మిగతా మూడు దారులూ ఫోటోని తీస్తాయి కానీ మనిషిని ఆపవు. ఇవాళ ఇక్కడ తీస్తే రేపు ఇంకో అకౌంట్‌తో పెడతాడు. అనుమతి లేకుండా గుప్త భాగాల చిత్రం తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. లైంగిక చర్య ఉన్న చిత్రాలైతే 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. మహిళలను రహస్యంగా చిత్రీకరించినా, అలాంటివి పంచినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వర్తిస్తుంది. 66ఈ, 67ఏ మగవాళ్లకీ వర్తిస్తాయి. వీడియో కాల్‌లో వల వేసి రికార్డు చేసి డబ్బు గుంజే మోసానికి చిక్కేది ఎక్కువగా మగవాళ్లే. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా వేలకు వేలు పంపిన కుర్రాళ్లని నేను చూశాను. ఒకసారి పంపితే వదిలిపెట్టినవాడు ఒక్కడూ లేడు. డబ్బు పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. లోన్ యాప్ వాళ్లు ఫోటో మార్ఫింగ్ చేసి కాంటాక్టుల్లో అందరికీ పంపినా ఇదే దారి.

స్టేషన్‌కి వెళ్లడానికి భయపడేవాళ్లు ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టవచ్చు. మహిళలు, పిల్లల మీద నేరాల విభాగంలో పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు. కానీ అలా పెడితే తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి వీలుండదు, మీ నుంచి వాంగ్మూలం తీసుకోవడానికి వాళ్లకీ వీలుండదు. ఆ మనిషి మీద కేసు నడవాలనుకుంటే పేరు ఇచ్చి పెట్టడమే నా సలహా. స్టేషన్‌లో “ఇది మా పరిధి కాదు” అంటే, పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, మహిళా అధికారితో మాట్లాడాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టవచ్చు.

పోలీసులు పట్టుకోలేరని ముందే అనుకోవద్దు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. మూడు నెలలు తిరక్కుండానే 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో నిందితుడిని అరెస్టు చేశారు. అందరి కేసూ అంత వేగంగా కదలదు, నిజమే. కానీ చేసినవాడు కనబడకుండా పోతాడన్నది నిజం కాదు.

ఈ నాలుగిటిలో ఒకటే ఎంచుకోవాలా? అక్కర్లేదు. బెదిరింపు ఉంటే పోలీసులు, స్టాప్ ఎన్‌సీఐఐ ఒకే రోజు. ఫోటో ఇప్పటికే బయట ఉంటే ఆ వేదికకి మెయిల్, గూగుల్ ఫారం, బింగ్ ఫారం ఒకే పూట. ఈ పనులు చేస్తున్నంతసేపు బాధితురాలి పక్కన ఎవరో ఒకరు కూర్చోండి. “నువ్వు అలాంటి ఫోటో ఎందుకు దిగావు” అనే ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాకూడదు. ఫోటో దిగడం నేరం కాదు, అనుమతి లేకుండా పంచడమే నేరం.

పిల్లల ఫోటోలు

ఇక్కడ గూగుల్ చాలా ఉదారంగా ఉంది, కానీ వాడుకునేవాళ్లు తక్కువ. 2021 నుంచి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు గానీ, వాళ్ల తల్లిదండ్రులు గానీ అడిగితే, వాళ్ల ఫోటోను ఇమేజ్ ఫలితాల నుంచి తీసేస్తుంది. అసభ్యం కానవసరం లేదు. స్కూల్ ఫంక్షన్‌లో స్టేజి మీద ఏడుస్తున్న ఫోటో కావచ్చు, మీమ్‌గా మారిన ఫోటో కావచ్చు. ప్రజలకు తెలియాల్సిన వార్తా విలువ ఉంటే తప్ప తీస్తుంది. పిల్లవాడికి పదిహేడేళ్లున్నప్పుడు అడగడం, పంతొమ్మిదేళ్లకి అడగడం ఒకటి కాదు. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఉంటే ఈ పని ఇప్పుడే చేసేయండి.

అసభ్యం కాదు, కానీ తలవంపులు

మా చెల్లెలిది ఈ రకం. కాలేజీ ఫెస్ట్‌లో వేసిన డాన్స్, పాత ప్రేమ ఫోటో, తప్పిపోయిన సంబంధం, విడాకులకు ముందటి పెళ్లి ఆల్బమ్, బాగా లావుగా ఉన్నప్పటి ఫోటోకి ఎవరో రాసిన వెటకారం. “నాకు ఇబ్బందిగా ఉంది” అన్నంత మాత్రాన గూగుల్ తీయదు. ఆ రెండు గంటల నియమమూ వర్తించదు. పోలీసులకు చెబితే సానుభూతి చూపిస్తారు, కేసు రాయడానికి సెక్షన్ ఉండదు. చాలామంది ఇక్కడే ఇక దారి లేదని కూలబడిపోతారు.

ఉంది. పెట్టినవాళ్లతో మాట్లాడటం. ఈ రకం ఫోటోలకు ఇదే అన్నిటికంటే వేగమైన దారి.

ఆ ఫోటోలు పెట్టింది నిశ్చితార్థం తీసిన ఫోటో స్టూడియో. తమ పని చూపించుకోవడానికి వెబ్‌సైట్‌లో జంట పేర్లతో ఒక పేజీ చేశారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నేనే ఫోన్ చేశాను. “మేడమ్, అవి మా వర్క్ శాంపిల్స్. ఫోటో తీసింది మేము, రైట్స్ మావే కదా” అన్నాడు ఆ అబ్బాయి, మర్యాదగానే. అప్పుడు అక్కరకొచ్చింది 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అడ్వాన్స్ రసీదు మా బాబాయి పేరు మీద ఉంది, వెనక ఎలాంటి షరతులూ లేవు. ఆ మాట నెమ్మదిగా చెప్పి, “తమ్ముడూ, ఆ సంబంధం నిలవలేదు, ఇప్పుడు ఆ ఫోటోల వల్ల అమ్మాయికి ఇబ్బందవుతోంది” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. “అయ్యో, మాకు తెలియదు మేడమ్” అన్నాడు. పదిన్నరకల్లా పేజీ పోయింది. చట్టం వల్ల తీశాడో ఆ రెండో మాట వల్ల తీశాడో నాకు తెలుసు.

పేజీ పోయినా గూగుల్‌లో చిన్న ఫోటోలు ఇంకా కనిపిస్తున్నాయి. మా చెల్లెలు మళ్లీ ఏడుపు. అలాంటప్పుడు వాడాల్సింది గూగుల్ ‘అవుట్‌డేటెడ్ కంటెంట్’ పనిముట్టు. పాత లింకు అందులో వేస్తే, పేజీ నిజంగా పోయిందో లేదో చూసుకుని తన నకలు తీసేస్తుంది. పేజీ ఇంకా ఉంటే మాత్రం ఇది పనిచేయదు. మాకు మర్నాటికి పోయింది.

అడిగేటప్పుడు ‘తీసేయండి’ అని ఒక్కటే అడగొద్దు. తీయడానికి ఇష్టపడనివాళ్లు కూడా పేరు తీసేయమంటే తీస్తారు. పేజీలో పేరు లేకపోతే పేరు కొట్టినవాళ్లకి అది దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది. ముఖం మసక చేయమని అడగవచ్చు. లేదా ఆ పేజీకి ‘నోఇండెక్స్’ పెట్టమనవచ్చు, అప్పుడు వాళ్ల సైట్‌లో ఫోటో ఉంటుంది, గూగుల్ మాత్రం చూపించదు. ఎదుటివాడికి నష్టం లేని దారి చూపిస్తే పని తొందరగా అవుతుంది.

మాటలతో కాకపోతే కాపీరైట్ నోటీసు. ఇది సెల్ఫీలకీ, మనం డబ్బిచ్చి తీయించుకున్నవాటికీ పనికొస్తుంది. స్నేహితుడు తీసిన ఫోటో అయితే హక్కు ఆ స్నేహితుడిది, అతని చేత పంపించాలి. విదేశీ సైట్లు మన ప్రైవసీ గోడు పట్టించుకోకపోయినా కాపీరైట్ నోటీసుకి కదులుతాయి. కానీ ఒక చిక్కుంది. గూగుల్‌కి పంపే కాపీరైట్ నోటీసుల నకళ్లు ‘లుమెన్’ అనే బహిరంగ డేటాబేస్‌కి వెళతాయి. పంపినవారి పేరు అందులో కనబడవచ్చు. గుట్టుగా ఉండాలనుకునే విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అందుకే అసభ్య చిత్రాల విషయంలో కాపీరైట్ దారి వద్దంటాను, అక్కడ ప్రైవసీ ఫారమే వాడండి.

వార్తల్లో, యూట్యూబ్‌లో వచ్చినవి

హైదరాబాద్‌లో శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల దగ్గర కెమెరాకి ముఖం దాచుకుంటున్నవాళ్ల వీడియోలు ఏళ్ల తరబడి యూట్యూబ్‌లో ఉండిపోతాయి. అందులో ఒక అమ్మాయి ఉంటే ఇక ఆ టైటిల్ ఎలా పెడతారో చెప్పక్కర్లేదు. చేసిన తప్పుకి కోర్టు వేసిన జరిమానా ఒక రోజుతో తీరిపోతుంది, వీడియో వేసే శిక్షకి గడువు లేదు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

అయినా ఇది గట్టి గోడ. ఇక్కడ పత్రికా స్వేచ్ఛ కూడా ఒక హక్కే. ముందు ఆ సంస్థ ఎడిటర్‌కి రాయండి. వార్త తీయమని అడిగితే చాలాసార్లు ఒప్పుకోరు, ముఖం మసక చేయమని, పేరు తీయమని అడిగితే ఒప్పుకోవచ్చు. డిజిటల్ వార్తా సంస్థలకీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, 15 రోజుల్లో జవాబివ్వాలి. యూట్యూబ్‌కి వేరేగా ప్రైవసీ ఫిర్యాదు ఉంది. దాన్ని తీసుకుంటే, పెట్టినవాళ్లకి 48 గంటల సమయం ఇచ్చి, తర్వాత తనే చూస్తుంది. పెద్ద ఛానెల్ కన్నా దాని వీడియో ముక్కలు కోసి పెట్టే చిన్న ఛానెళ్ల మీద ఇది బాగా పనిచేస్తుంది.

కోర్టు ఎప్పుడు

ప్రైవసీ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పారు. అయితే ‘నన్ను మరిచిపోండి’ అని అడిగే హక్కుకి మన దగ్గర ఇంకా ఒక ఫారమూ కౌంటరూ లాంటిది లేదు, హైకోర్టులు కేసును బట్టి ఇస్తున్నాయి. 2020లో ఒడిశా హైకోర్టు ఒక అమ్మాయి ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టిన నిందితుడికి బెయిల్ నిరాకరిస్తూ, ఇలాంటి హక్కు ఎంత అవసరమో వివరంగా రాసింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. ఒక మహిళ తన సోషల్ మీడియాలో పెట్టుకున్న మామూలు ఫోటోలను ఎవరో పోర్న్ సైట్‌లో పెట్టారు. ఫోటోలో అసభ్యం ఏమీ లేదు కదా అనే వాదనను కోర్టు ఒప్పుకోలేదు, తీసుకెళ్లి పెట్టిన చోటే నేరమంది. 24 గంటల్లో తీయమని, సెర్చ్ ఇంజన్లు ప్రపంచమంతటా ఆ ఫలితాలు చూపకుండా చేయమని ఆదేశించింది. మీ మామూలు ఫోటో అలాంటి చోట కనిపిస్తే, “ఫోటోలో ఏముంది” అని ఎవరైనా అంటే ఈ తీర్పు సంగతి చెప్పండి.

ఇక పాత కోర్టు తీర్పుల్లో పేర్లు నెట్‌లోంచి తీయించడం వేరే సంగతి. 2024లో మద్రాస్ హైకోర్టు అలా ఒక ఆదేశం ఇస్తే, ఆ జూలైలో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. నటుడు నాగార్జున 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి తన పేరు, రూపం దుర్వినియోగం కాకుండా ఆదేశం తెచ్చుకున్నారు. అది పేరున్నవాళ్ల దారి, మామూలు మనిషికి అంత దూరం వెళ్లాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. వేదికలు మొండికేసినప్పుడు, పోలీసులు కదలనప్పుడు, ఒకే చిత్రం పదుల సైట్లలో మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు హైకోర్టులో రిట్ వేయడం సరైనది. పిటిషన్‌లో అసలు పేరు బయటికి రాకుండా ఉంచమని అడగవచ్చు, మొదటి రోజే అడగండి. ఖర్చు గురించి భయపడే మహిళలకి ఒక మాట: ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం గురించి కూడా కొందరు అడుగుతున్నారు. అందులో సమాచారం చెరిపించుకునే హక్కు ఉంది. కానీ మనంతట మనమే బహిరంగంగా పెట్టుకున్న దానికి ఆ చట్టం వర్తించదు. పబ్లిక్ అకౌంట్‌లో మనమే పెట్టిన ఫోటో విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉంటున్న మనవాళ్లు ఈ విషయంలో మనకంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. 2014 మే 13న యూరోపియన్ కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, పాతబడిపోయిన, సందర్భం పోయిన ఫలితాలను తమ పేరు మీద చూపవద్దని అక్కడివాళ్లు గూగుల్‌ని నేరుగా అడగవచ్చు. అసభ్యం కానవసరం లేదు. అయితే ఆ తీసివేత యూరప్‌లో వెతికేవాళ్లకే, గుంటూరులో వెతికే చుట్టాలకి కనిపిస్తూనే ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి 2025 మే 19న సంతకమైన చట్టం ప్రకారం, అనుమతి లేని నగ్న చిత్రాలను, డీప్‌ఫేక్‌లను ఫిర్యాదు అందిన 48 గంటల్లో వేదికలు తీయాలి. అది ఆ రకానికే, ఇబ్బంది పెట్టే మామూలు ఫోటోలకి కాదు.

డబ్బు తీసుకుని తీసేస్తామనేవాళ్లు

“గ్యారంటీగా తీసేస్తాం, ముందు సగం కట్టండి” అనే ప్రకటనలు ఇలాంటి సమయంలోనే కనిపిస్తాయి. వాళ్లు నింపేదీ మనం ఉచితంగా నింపగల అవే ఫారాలు. పైగా మన చిత్రాన్ని, మన పేరును ఇంకొకరి చేతికి ఇస్తున్నాం. అసభ్య చిత్రాల విషయంలో ముక్కూ ముఖం తెలియనివాళ్లకి ఆ ఫోటో ఎప్పుడూ పంపకండి. ఫోటో పెట్టి, తీయడానికి డబ్బు అడిగే సైట్లు కూడా ఉన్నాయి. అలాంటి సైట్ల పేజీలను తీయడానికి గూగుల్‌లో ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది. వాటికి రూపాయి కట్టొద్దు.

తీసేశాక

పని అయిపోయిందని వదిలేయకండి. మీ పేరుకి గూగుల్ అలర్ట్ పెట్టుకోండి, కొత్తగా ఎక్కడైనా వస్తే మెయిల్ వస్తుంది. పేరు తెలుగులో, ఇంగ్లిషులో, ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి వెతకండి. రెండు మూడు నెలలకోసారి గూగుల్ లెన్స్‌లో అదే ఫోటో వేసి చూడండి, పేరు లేకుండా తిరుగుతున్న నకళ్లు అందులో దొరుకుతాయి.

మేమూ అలాగే చూశాం. ఆరు నెలల తర్వాత లెన్స్‌లో ఒకటి తగిలింది. పింటరెస్ట్‌లో మగ్గం వర్క్ బ్లౌజుల పేజీ. ఎవరో మా చెల్లెలి ఫోటోలోంచి వీపు భాగం మాత్రం కోసి పెట్టుకున్నారు. జడ, జడకుచ్చులు, బ్లౌజు మీద నెమలి డిజైన్. ముఖం లేదు, పేరు లేదు. నేను కాపీరైట్ ఫారం తెరిచి నింపబోతుంటే తను నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కాసేపు చూసింది. “వద్దులే అక్కా. ఆ వర్క్‌కి నేనూ అమ్మా నెల రోజులు తిరిగాం. ఎవరైనా కుట్టించుకోనీ” అంది.